దుఃఖం పాఠమైన వేళ

పాఠ్యభాగ ఉద్దేశం

మత్తు పదార్థాల వలన కలిగే నష్టాన్ని గురించి యువతకు హెచ్చరికలు అనేకం వినిపిస్తుంటాయి. ఆ నష్టాన్ని స్వయంగా అనుభవించినవారు తమ దుఃఖాన్ని దాచుకోకుండా ఇతరులకు పాఠంగా మలచినప్పుడు ఆ హెచ్చరికకు ఎక్కడలేని బలం చేకూరుతుంది. అట్లా మలచిన కొందరి జీవితాలను పరిచయం చేసి, దుఃఖం పాఠంగా మారడానికి కావలసినవేవో విద్యార్థులచేత ఆలోచింపజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

మహాభారతం ఆదిపర్వంలో కచదేవయానుల కథ ఉన్నది. ఆదికవి నన్నయ దానిని తెలుగువారికి అందించాడు. దేవగురువైన బృహస్పతి కుమారుడు కచుడు. మృతసంజీవనీ విద్యను నేర్చుకొనడానికి రాక్షసగురువైన శుక్రాచార్యుని వద్ద శిష్యుడుగా చేరాడు. ఆ విద్య దేవతలకు దక్కడం ఇష్టంలేని రాక్షసులు కచుని చంపారు. దేహాన్ని కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి గురువుచేతనే తాగించారు. కూతురు దేవయాని విలపించగా శుక్రుడు దివ్యదృష్టితో చూశాడు. శిష్యుడు తన కడుపులోనే ఉన్నాడు. కచుడు బతకాలంటే తాను మరణించాలి. అప్పుడు శుక్రుడు కడుపులోని శిష్యునికే సంజీవనీ విద్యను ఉపదేశించాడు. కచుడు గురువు ఉదరాన్ని చీల్చుకొని వెలుపలికి వచ్చి, అదే విద్యతో గురువును బతికించాడు.

ఈ కథను చాలామంది ఇక్కడితో ముగిస్తారు. అసలైన మాట దీని తరువాత ఉన్నది. శుక్రుడు ఆ తప్పునంతా రాక్షసులమీదికి నెట్టి ఊరకుండవచ్చును. జరిగినది బయటికి పొక్కకుండా దాచుకోవచ్చును. అంతటి ఆచార్యుడు తాగిన మైకంలో శిష్యుని బూడిదను మింగాడని లోకానికి తెలియడం పరువు తక్కువే కదా! కాని ఆయన అట్లా చేయలేదు. మద్యం తన వివేకాన్ని హరించిందని గ్రహించి, ఆనాటినుండి సురాపానం మహాపాతకమని కట్టుబాటు చేశాడు. తనకు జరిగిన కీడును ఇతరులకు జరగకుండా హద్దు గీశాడు. తన అవమానాన్ని తానే బయటపెట్టి దానిని లోకోపకారానికి వినియోగించిన గురువు కథ ఇది.

అటువంటి ధైర్యం అందరికీ ఉండదు. మత్తు వలన కలిగే దుఃఖానికి ఒక ప్రత్యేక లక్షణమున్నది. అది చెప్పుకోదగిన దుఃఖం కాదని మనుషులు భావిస్తారు. పాము కాటుతోనో, విషజ్వరంతోనో బిడ్డ పోతే ఊరంతా వచ్చి ఓదారుస్తుంది. గంజాయి వలననో, తాగుడు వలననో పోతే కన్నవారు కారణాన్ని కప్పిపుచ్చుతారు.

ఒక ఇంటిని ఊహించుకొందాం. అది ఆసిఫాబాద్ పట్టణంలో, పెద్దవాగుకు దాపున ఉన్న ఒక వీధిలోని ఇల్లు. తండ్రి పత్తి పండిస్తాడు. కొడుకు ఇంటర్మీడియట్ చదువుతున్నాడు. మొదట ఒక మిత్రుడు సిగరెట్టు ఇచ్చాడు. దానిలో పొగాకుతోపాటు గంజాయి కలిసి ఉన్నది. కొన్ని నెలలకు కళాశాలకు వెళ్ళడం తగ్గింది. పరీక్ష ఫీజుకని ఇచ్చిన డబ్బు ఫీజు కాలేదు. చెల్లెలి కాలి పట్టీలు కనబడకుండా పోయాయి. ఒకనాటి రాత్రి మత్తులో మోటారు సైకిలు నడిపి, కల్వర్టును ఢీకొని మరణించాడు. అడిగినవారందరితో తల్లి ‘బండి జారి పడ్డాడు’ అని చెప్పింది. అది అబద్ధం కాదు. అట్లాగని పూర్తి నిజమూ కాదు. దినాలకు వచ్చిన స్నేహితులలో ముగ్గురు అదే పొగకు అలవాటు పడినవారు. వారు భోజనం చేసి, తలలు వంచుకొని వెళ్ళిపోయారు. ఆ ఇంటిలో వారు నేర్చుకోదగినది ఏదీ వారికి వినబడలేదు.

ఈ ఇల్లు కల్పితమే. కాని ఇటువంటి మౌనం మాత్రం కల్పితం కాదు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ ప్రకటించిన జాతీయ సర్వేను ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించింది. దాని ప్రకారం దేశంలో 10 నుండి 75 సంవత్సరాల వయస్సువారిలో 14.6 శాతం మంది మద్యం, 2.8 శాతం మంది గంజాయి లేదా దాని సంబంధ పదార్థాలు వాడుతున్నారు. ఈ రెండవ లెక్కకు వచ్చేవారు సుమారు 3 కోట్ల 10 లక్షల మంది. అంతకంటె ఆలోచింపజేసే సంఖ్యలు మరి రెండున్నాయి. మద్యానికి బానిసలైనవారిలో 38 మందికి ఒకరు, ఇతర మాదకద్రవ్యాలకు బానిసలైనవారిలో 20 మందికి ఒకరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందినట్లు ఆ సర్వే తెలిపింది. చికిత్స అందుబాటులో లేకపోవడం దీనికి ఒక కారణం. నలుగురికీ తెలుస్తుందన్న సిగ్గు మరొక కారణం.

ఈ మౌనాన్ని ఛేదించినవారు తెలుగునేలమీద ఉన్నారు. వారు పండితులు కారు. అప్పుడప్పుడే అక్షరాలు దిద్దుతున్న పల్లెటూరి స్త్రీలు. 1990వ దశకం తొలినాళ్ళలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా కూలిపనులు చేసుకొన్న స్త్రీలు రాత్రివేళ దీపాల వెలుతురులో పలకలు పట్టుకొని కూర్చునేవారు. వారి వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠమున్నది. తాగుడు వలన ఒక పేద స్త్రీ సంసారం పడే పాట్లను అది చిత్రించింది. అక్షరాలను కూడబలుక్కొని చదువుతున్న స్త్రీలు ఒక్కసారి ఆగిపోయారు. ఆ పాఠంలోని సీతమ్మ వారికి పరాయి మనిషిగా తోచలేదు. ఎవరింటిలో జరిగినది వారు చెప్పడం మొదలుపెట్టారు. అప్పటివరకు ఎవరి గోడల నడుమ వారు దాచుకొన్న దుఃఖం ఆ రాత్రిబడిలో అందరి దుఃఖమైంది.

ఆ జిల్లాలోని దూబగుంట గ్రామంలో స్త్రీలు అంతటితో ఆగలేదు. వర్ధినేని రోశమ్మ మొదలైనవారి నాయకత్వంలో వారు గుంపుగా కదిలి ఊరిలోని సారా దుకాణాలను మూయించారు. ఈ విజయం మళ్ళీ ఒక పాఠమైంది. అక్షరాస్యతా ఉద్యమం తరువాతి దశ వాచకంలో ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అన్న పేరుతో దూబగుంట కథను చేర్చారు. దానిని చదివిన ఇతర గ్రామాల స్త్రీలు తమ ఊళ్ళలోనూ అదే పని చేశారు. 1992లో జిల్లాలో సారా దుకాణాల వేలంపాటలను స్త్రీలు అడ్డుకొన్నారు. వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. ఉద్యమం నాలుగు దిక్కులకూ వ్యాపించింది. 1993 అక్టోబరు 1 నుండి నాటి ఆంధ్రప్రదేశ్ అంతటా సారా నిషేధం అమలులోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఆ నిషేధం సడలింది. రోశమ్మ 2016లో కన్నుమూశారు.

చట్టం నిలవలేదు కనుక ఉద్యమం వృథా అయినదని కొందరు అంటారు. కాని విద్యార్థులు గమనించవలసిన విషయం వేరొకటి ఉన్నది. ఒక వాచకంలోని పాఠం చదువరుల జీవితాన్ని మార్చింది, మారిన ఆ జీవితం తిరిగి వాచకంలో పాఠమైంది. సీతమ్మ కథ చదివి స్త్రీలు కన్నీరు పెట్టుకొని పలకలు సర్దుకొని వెళ్ళిపోయి ఉంటే దూబగుంట పేరు ఎవరికీ తెలిసేది కాదు.

తెలుగునేలకు పొరుగున ఉన్న చెన్నై నగరంలో శాంతి రంగనాథన్ మరొక మార్గం ఎంచుకొన్నారు. ఆమెది సంపన్న కుటుంబం. పూర్వం కేంద్ర ఆర్థికమంత్రిగా పనిచేసిన టి.టి. కృష్ణమాచారి వంశంలోనికి ఆమె కోడలుగా వెళ్ళారు. మద్యవ్యసనం పేదల జబ్బు మాత్రమే అనుకొనేవారికి ఆ ఇల్లు ఒక సమాధానం. ధనం, పలుకుబడి, విదేశీ వైద్యం ఇవేవీ ఆమె భర్త టి.టి. రంగనాథన్‌ను కాపాడలేకపోయాయి. 1979లో చిన్నవయస్సులోనే ఆయన మరణించారు. అటువంటి కుటుంబంలో ఆ మరణకారణాన్ని దాచడం ఎంత సులభమో ఊహించవచ్చును.

శాంతి రంగనాథన్ దాచలేదు. అమెరికా వెళ్ళి వ్యసన చికిత్సలో శిక్షణ పొందారు. 1980లో భర్త పేరుమీదనే చికిత్సా పరిశోధన సంస్థను స్థాపించారు. ఏ పేరును ఇతరులు మరుగుపరచేవారో ఆ పేరునే ఆమె ద్వారంమీద వ్రాయించారు. వ్యసనం చెడునడత కాదనీ, చికిత్సకు లొంగే జబ్బనీ, రోగితోపాటు కుటుంబానికి కూడా చేయూత అవసరమనీ ఆ సంస్థ ప్రచారం చేసింది. పట్టణానికే పరిమితం కాకుండా పల్లెలలో చికిత్సా శిబిరాలు నడిపింది. భారత ప్రభుత్వం 1992లో ఆమెను పద్మశ్రీతో గౌరవించింది. శోకాగ్ని కొందరిని దహిస్తుంది. ఆమె ఆ అగ్నితోనే ఇతరుల ఇళ్ళలో దీపం వెలిగించారు.

అయితే దుఃఖాన్ని చెప్పుకొన్నంతమాత్రాన అది పాఠమవుతుందా? ఈ ప్రశ్నకు ప్రపంచానుభవం జాగ్రత్తగా సమాధానమిస్తున్నది. 1983లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగరంలో ‘డేర్’ అనే కార్యక్రమం మొదలైంది. పోలీసు అధికారులు పాఠశాలలకు వెళ్ళి మాదకద్రవ్యాల గురించి బోధించేవారు. అది దేశమంతటా వ్యాపించింది. పరిశోధకులు పలుమార్లు పరిశీలించగా, తొలినాటి ఆ పద్ధతివలన పిల్లలలో మాదకద్రవ్యాల వాడకం చెప్పుకోదగినంతగా తగ్గలేదని తేలింది. ఐక్యరాజ్యసమితికి చెందిన మాదకద్రవ్యాలు, నేరాల విభాగం నివారణ ప్రమాణాలను 2013లో ప్రకటించి, 2018లో వాటిని సవరించింది. ఉపన్యాసంతో సరిపెట్టడం, భయపెట్టడం, ఒకప్పటి వ్యసనపరులను పిలిపించి వారి అనుభవాలు చెప్పించి ఊరకుండడం వంటివి ఫలితమివ్వని పద్ధతులని ఆ ప్రమాణాలు పేర్కొన్నాయి. విద్యార్థులు పాల్గొని మాట్లాడే తరగతులు, ఒత్తిడికి లొంగకుండా నిరాకరించే నేర్పు, తల్లిదండ్రుల ఆదరణ మేలు చేస్తాయని సూచించాయి.

దీనిని బట్టి దుఃఖం పాఠం కావడానికి మూడు విషయాలు కావాలని తెలుస్తున్నది. మొదటిది, దుఃఖాన్ని దాచకపోవడం. రెండవది, వినేవాడు దానిలో తన ఇంటిని చూసుకోగలగడం. మూడవది, విన్న తరువాత ఏమి చేయాలో తెలియడం. శుక్రుడు కట్టుబాటు చేశాడు. దూబగుంట స్త్రీలు దుకాణం మూయించారు. శాంతి రంగనాథన్ చికిత్సాలయం తెరిచారు. ఈ మూడవ మెట్టు లేని దుఃఖం వినేవారిని కాసేపు ఏడిపించగలదు, అంతకు మించి ఏమీ చేయలేదు.

ఉత్తర తెలంగాణ విద్యార్థులకు ఆ మూడవ మెట్టు ఏది? ముందుగా తమ చుట్టూ ఉన్న ప్రమాదాన్ని ఉన్నదున్నట్లు తెలుసుకోవడం. పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో భాగమైన ఆసిఫాబాద్ ప్రాంతం 2016 అక్టోబరులో కుమురం భీం పేరుతో కొత్త జిల్లాకు కేంద్రమైంది. పత్తి ఇక్కడి ప్రధాన పంటలలో ఒకటి. ఏపుగా ఎదిగిన పత్తి, కంది సాళ్ళ నడుమ చాటుగా గంజాయి మొక్కలు పెంచిన కేసులు ఈ ప్రాంతంలో నమోదయ్యాయి. దళారీ విత్తనమిచ్చి, కొంత పైకం ఆశ చూపి వెళ్ళిపోతాడు. పట్టుబడేది చేను గల రైతు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం ప్రకారం గంజాయి సాగుకు పది సంవత్సరాల వరకు కఠిన కారాగారశిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. 20 కిలోలకు మించిన గంజాయితో పట్టుబడితే శిక్ష పది సంవత్సరాలకు తగ్గదు. సంచి ఒకచోటినుండి మరొకచోటికి చేరవేస్తే ఖర్చులకు డబ్బు వస్తుందని ఆశపడిన విద్యార్థికి సైతం ఈ చట్టమే వర్తిస్తుంది.

గంజాయి ఆకు ప్రకృతి ఇచ్చినదే కనుక హాని లేదనే మాట కుర్రకారులో ప్రచారంలో ఉన్నది. ఉమ్మెత్త కూడా ప్రకృతి ఇచ్చినదే. మానవ మస్తిష్కం సుమారు 25 సంవత్సరాల వరకు ఎదుగుతూనే ఉంటుంది. ఆ ఎదుగుదల ముగియకముందే గంజాయి అలవాటైతే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. కొందరిలో తీవ్రమైన మానసికవ్యాధి లక్షణాలు బయటపడే ప్రమాదం పెరుగుతుంది. కౌమారంలో మొదలుపెట్టినవారిలో సుమారు ఆరుగురిలో ఒకరు దానికి బానిసలవుతారని వైద్యుల అంచనా.

తెలియక బానిసలైనవారు కూడా ఉన్నారు. 2015లో తెలంగాణలో కల్తీకల్లుపై దాడులు జరిగినప్పుడు నిజామాబాద్ మొదలైన ప్రాంతాలలో ఎందరో వణుకుతో, మతి తప్పిన మాటలతో, మూర్ఛలతో ఆసుపత్రులలో చేరారు. తాము తాగుతున్నది కల్లేనని వారనుకొన్నారు. దానిలో ఆల్ప్రజోలం వంటి మత్తుమందులు కలిపిన సంగతి వారికి తెలియదు. అటువంటి మందు ఒక్కసారిగా ఆగిపోతే శరీరం తట్టుకోలేదు. కనుక వ్యసనపరుని గదిలో పెట్టి గొళ్ళెం వేయడం చికిత్స కాదు. వైద్యుని పర్యవేక్షణలోనే మత్తును మాన్పించాలి.

రెండవ సంగతి, సహాయం అడగడం నేరం కాదని తెలుసుకోవడం. కేవలం వాడకానికో, స్వల్ప పరిమాణం దగ్గర ఉంచుకొన్నందుకో కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తాను ముందుకు వచ్చి, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్స పూర్తిచేసుకొంటే ప్రాసిక్యూషన్ నుండి మినహాయింపు పొందే అవకాశాన్ని అదే చట్టంలోని 64-ఎ విభాగం కల్పిస్తున్నది. శిక్షించే చట్టమే ఒక తలుపును తెరిచి ఉంచింది. వ్యసన విముక్తి సలహాకు 14446, మానసిక ఆరోగ్య సలహాకు 14416 అనే ఉచిత ఫోను నంబర్లు ఉన్నాయి.

మూడవ సంగతి స్నేహానికి సంబంధించినది. మిత్రుడు చెడుతున్నాడని తెలిసీ చెప్పకపోవడం విధేయత అని చాలామంది విద్యార్థులు భ్రమపడతారు. ఉపాధ్యాయునికో, అతని ఇంటివారికో చెబితే స్నేహం చెడవచ్చును. చెప్పకపోతే మిత్రుడే చెడవచ్చును. ఈ రెండింటిలో దిద్దుకోగలిగిన నష్టం మొదటిది మాత్రమే.

ఇప్పుడు మళ్ళీ ఆసిఫాబాద్‌లోని ఆ ఊహాగృహానికి వెళ్దాం. కొడుకు స్నేహితులు భోజనానికి కూర్చున్నారు. తల్లి వారి దగ్గరికి వచ్చి, ‘బిడ్డా, వాడు బండి జారి పోలేదు. గంజాయి తాగి బండెక్కిండు. నాకు ముందే ఎరుకైంది, నలుగురు ఏమంటరోనని నోరు మూసుకున్న. మీలో ఎవరికన్న ఆ అలవాటుంటే మీ అమ్మకు నేనే చెప్త, దవాఖానకు నేనే వెంట వస్త’ అని అన్నదనుకొందాం. ఆ మాటలకు ముగ్గురు యువకులూ అక్కడికక్కడే మారిపోతారని చెప్పలేము. ఒక్కడైనా చేతిలోని ముద్దను పళ్ళెంలో దించి ఆమెవైపు చూస్తాడు. ఆమెకు కొడుకు తిరిగిరాడు. కాని మరొక తల్లికి కొడుకు మిగిలే అవకాశం ఆ క్షణంలో ఏర్పడుతుంది.

కఠినపదాలు – అర్థాలు

సుర = మద్యం
ఉదరం = కడుపు
మైకం = మత్తు
దాపున = దగ్గర
వాచకం = పాఠ్యపుస్తకం
కూడబలుక్కొని = అక్షరం అక్షరం కలుపుకొని
సడలు = పట్టు తప్పు, బిగి తగ్గు
మరుగుపరచు = దాచు
మస్తిష్కం = మెదడు
కౌమారం = బాల్యానికి, యౌవనానికి నడిమి వయస్సు
ఎరుక = తెలియుట

అభ్యాసం

I. క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. దుఃఖం పాఠంగా మారడానికి కావలసిన మూడు విషయాలేవి? పాఠ్యభాగంలోని ఉదాహరణలతో వివరించండి.
2. సీతమ్మ కథ దూబగుంట ఉద్యమానికి ఎట్లా దారితీసిందో తెలపండి.

II. క్రింది ప్రశ్నలకు సంగ్రహరూప సమాధానాలు వ్రాయండి.
1. శుక్రాచార్యుడు కట్టుబాటు చేయడానికి కారణమేమి?
2. శాంతి రంగనాథన్ తన సంస్థకు భర్త పేరు పెట్టడంలోని విశేషమేమి?
3. భయపెట్టి చెప్పే బోధన ఎందుకు చాలదు?
4. 2015 నాటి కల్తీకల్లు సంఘటనలు ఏమి తెలియజేస్తున్నాయి?

III. క్రింది వాక్యాలకు సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. అది అబద్ధం కాదు. అట్లాగని పూర్తి నిజమూ కాదు.
2. శిక్షించే చట్టమే ఒక తలుపును తెరిచి ఉంచింది.

IV. ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. కచుని తండ్రి ఎవరు?
2. దూబగుంట కథ ఏ పేరుతో వాచకంలో చేరింది?
3. నాటి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం ఎప్పుడు అమలులోకి వచ్చింది?

V. సంధులు
శుక్రాచార్యుడు = శుక్ర + ఆచార్యుడు – సవర్ణదీర్ఘసంధి
లోకోపకారం = లోక + ఉపకారం – గుణసంధి
విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘసంధి

VI. సమాసాలు
శోకాగ్ని – శోకమనెడి అగ్ని – రూపక సమాసం
తల్లిదండ్రులు – తల్లియును, తండ్రియును – ద్వంద్వ సమాసం
నాలుగు దిక్కులు – నాలుగైన దిక్కులు – ద్విగు సమాసం
సురాపానం – సుర యొక్క పానం – షష్ఠీ తత్పురుష సమాసం

VII. భాషాకార్యకలాపం
ఆసిఫాబాద్ తల్లి మాటలు ఉత్తర తెలంగాణ వ్యవహారభాషలో ఉన్నాయి. వాటిని మీ ప్రాంతపు మాటలలోనికి మార్చి వ్రాయండి. మాట మారినప్పుడు ఆమె ఆవేదనలో ఏమైనా తేడా కనిపించినదేమో తరగతిలో చర్చించండి.